కొత్త మోడల్ ఎప్పుడొస్తుంది?



ఈసారి మన మాట పాటలు వినే పెట్టె గురించి. ఇంత చిన్న సంగతికి ధమ్మం ఎందుకని నవ్వకండి. చివరిదాకా చదివి, అప్పుడు చెప్పండి.

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గరో, కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గరో సాయంత్రం పూట కాసేపు నిలబడి చూడండి. పోయే వచ్చే పిల్లకాయల్లో చాలామంది చెవుల్లో ఏదో ఒకటి పెట్టుకొనే ఉంటారు. వాళ్లు మాట్లాడుకునేది వినండి. "అన్నా, వచ్చే నెల కొత్తది దిగుతాందంట. బ్యాటరీ దీనికి డబుల్ వస్తుందంట. బయటి చప్పుడు అసలు వినపడదంట." ఆ 'అంట' గమనించారా? ఆ వస్తువును ఇంకా ఎవరూ చేత్తో పట్టుకోలేదు, దానిలో ఒక్క పాట వినలేదు. అయినా జేబులో ఉన్నది అప్పుడే పాతదైపోయింది.

ఇందులో తప్పేముంది? ధమ్మం తీసుకున్నవాళ్లు కొత్త వస్తువు కోరుకోకూడదా? విహారంలో పిల్లలు అడిగే ప్రశ్నే ఇది. మన పెద్దలు "తృష్ణే దుఃఖానికి మూలం" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటారు. పిల్లలు తలూపుతారు, బయటికొచ్చి మళ్లీ ఫోన్ తీస్తారు. తప్పు పిల్లలది కాదు. ఆ జవాబు సగం జవాబే.

మన కోరిక మీద ఎవరి కన్ను?

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. "మీకెందుకురా ఇవన్నీ?" అనే మాట మనకు కొత్త కాదు. చెప్పులు తొడిగితే అన్నారు, తెల్ల చొక్కా వేస్తే అన్నారు, సైకిలెక్కితే అన్నారు. ఒకప్పుడు ఊరికంతా కలిపి ఒకటే రేడియో, అది పంచాయతీ ఆఫీసులో మోగేది. ఆ అరుగు ఎక్కి కూర్చుని వినే హక్కు ఎవరికుండేదో మీ తాతనో అవ్వనో అడగండి. డప్పు మనది, కొట్టే చేయి మనది. ఎవరి పండగకు, ఎవరి చావుకు కొట్టాలనే నిర్ణయం మాత్రం మనది కాదు.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లోడు తనకిష్టమైన పాటను, తనకిష్టమైన వేళ, తన సొంత పెట్టెలో వినాలనుకుంటే దాన్ని తృష్ణ అని కొట్టిపారేయడం న్యాయం కాదు. బాబాసాహెబ్ అలా ఎన్నడూ కొట్టిపారేయలేదు. 1927 డిసెంబరులో మహద్‌లో మన ఆడబిడ్డలతో ఆయన చెప్పింది గుర్తు చేసుకోండి. అంటరానివాళ్లని గుర్తుపట్టించే కట్టూ నగలూ వదిలేయమన్నాడు, శుభ్రంగా గౌరవంగా కట్టుకోమన్నాడు. ఆయన సూటు వేసుకున్నాడు. పుస్తకాల కోసమే అన్నట్టు దాదర్‌లో రాజగృహ కట్టుకున్నాడు. పెద్దవయసులో వయొలిన్ నేర్చుకున్నాడు.

'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో కూడా ఆయన ఈ సంగతి విడమర్చి రాశాడు. సంతుష్టే గొప్ప ధనమని బుద్ధుడు అన్నాడంటే, పేదరికం మంచిదని కాదు, ఉన్న గతికి తలవంచి పడి ఉండమని కూడా కాదు. ధర్మంగా సంపాదించిన సంపదను బుద్ధుడు వద్దనలేదు, గతి మార్చుకోవడానికి వీర్యం కావాలన్నాడు. హద్దులేని ఆశకు మనిషి లొంగిపోకూడదన్నదే ఆ మాటకు అర్థమని బాబాసాహెబ్ వివరించాడు.

కాబట్టి ప్రశ్న "కోరవచ్చా, కూడదా" అన్నది కాదు. ఏ కోరిక మనల్ని నిలబెడుతుంది, ఏ కోరిక మనల్ని లొంగదీస్తుంది అన్నది ప్రశ్న.

ఒక క్యాసెట్ కథ

నా సొంత తప్పు ఒకటి చెప్తాను. పాత కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు నుంచి కువైట్ పోయినవాళ్ల సంగతి మీకు తెలిసిందే. మా అక్క కూడా ఇంటిపనికి పోయింది. అమ్మకు చదువు రాదు. అందుకని అక్క ఉత్తరం రాసేది కాదు, క్యాసెట్ పంపేది. ఊరికి వచ్చేవాళ్ల చేత పంపిన ఆ క్యాసెట్‌లో అరగంట సేపు మాట్లాడేది. "అమ్మా, బాగుండావా? మోకాళ్ల నొప్పి ఎట్లుంది? నేను బాగుండా, ఏడవొద్దు" అని. అమ్మ ప్రతి ఆదివారం ఇంట్లో ఉన్న పాత టేప్‌రికార్డర్‌లో దాన్ని పెట్టించుకొని వినేది.

నాకప్పుడు పదిహేడేళ్లు. నా ధ్యాసంతా వాక్‌మన్ మీద. అది కూడా మామూలుది కాదు. ఆటో రివర్స్ ఉన్నది కావాలి, బాస్ ఎక్కువ పలికేది కావాలి, రికార్డింగ్ ఉన్నది కావాలి. కువైట్ నుంచి ఎవరొచ్చినా వాళ్లింటికి పోయి ఏ మోడల్ తెచ్చారో చూసేవాణ్ణి. అక్కకు చెప్పించాను. ఆమె ఒకటి కొనేలోపే ఇంకోటి వచ్చిందని విని, "అది వద్దు, కొత్తది పంపు" అని మళ్లీ చెప్పించాను. ఆమె ఎన్ని ఇళ్ల గచ్చు కడిగితే అది వస్తుందో ఒక్కసారి కూడా లెక్క వేసుకోలేదు.

వాక్‌మన్ వచ్చింది. వచ్చిన రాత్రే రికార్డింగ్ ఎలా పడుతుందో చూడాలి. ఖాళీ క్యాసెట్ లేదు. చేతికందింది పెట్టి పక్కింటి రేడియోలో వస్తున్న సినిమా పాటలు రికార్డు చేశాను. పొద్దున చూస్తే అది అక్క క్యాసెట్. మీలో పెద్దవాళ్లకు తెలుసు, క్యాసెట్ వెనక అంచున చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని విరిచేస్తే మళ్లీ రికార్డు పడదు. దాన్ని విరవాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఆదివారం అమ్మ అడిగింది. చెప్పాను. తిట్టలేదు. "పోనీలే నాయనా, ఆ మాటలు నాకు నోటికొచ్చు" అంది. అంతే. అక్క తర్వాత తిరిగొచ్చింది, బాగుంది. కానీ పరాయి దేశంలో మొదటి ఏడాది ఆమె గొంతు ఎలా ఉండేదో వినడానికి ఇప్పుడు మా ఇంట్లో ఏమీ లేదు. వాక్‌మన్ రెండేళ్లకు చెడిపోయింది.

ఇది పాతకాలం ముచ్చట అనుకోకండి. కొత్త ఫోన్ తీసుకునే తొందరలో పాత ఫోన్‌లోని అమ్మ వాయిస్ మెసేజ్‌లు పోగొట్టుకున్నవాళ్లు మీలోనూ ఉంటారు.

తృష్ణ ఎక్కడ పుడుతుంది?

తథాగతుడు దుఃఖం పుట్టే క్రమాన్ని చెప్పాడు. ఇంద్రియానికి విషయం తగిలితే స్పర్శ, స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ, తృష్ణ వల్ల ఉపాదానం, అంటే గట్టిగా పట్టుకోవడం. పాట చెవికి తగిలింది, హాయిగా ఉంది, ఇంకా కావాలనిపించింది. ఇది అర్థమవుతుంది. మరి ఇంకా మార్కెట్లోకి రాని పెట్టె సంగతి? దాని శబ్దం ఏ చెవికీ తగల్లేదు. తగిలింది ప్రకటన, తగిలింది 'అంట' అనే మాట. బుద్ధుడు మనస్సును కూడా ఇంద్రియంగానే లెక్కపెట్టి, ఇంద్రియాలు ఆరు అన్నాడు. రాబోయే మోడల్ మీద ఆశ చెవిలో పుట్టడం లేదు, మనస్సులో పుడుతోంది. పాటకూ దానికీ సంబంధం తక్కువ.

ధమ్మచక్క ప్రవర్తన సుత్తంలో తృష్ణ మూడు రకాలుగా ఉంది. ఇంద్రియ సుఖాల మీద కామతృష్ణ, 'ఇంకొకడిగా కావాలి' అనే భవతృష్ణ, 'ఇలా ఉండకూడదు, ఇది లేకుండా పోవాలి' అనే విభవతృష్ణ. మన పిల్లోడి ఎదురుచూపులో ఈ మూడూ దొరుకుతాయి. మంచి శబ్దం కావాలనేది మొదటిది. అది చెవిలో పెట్టుకుంటే నేను వేరే మనిషిగా కనపడతాననేది రెండోది. ఈ పాతది నలుగురిలో బయటికి తీయాలంటేనే సిగ్గు అనేది మూడోది. మొదటిదాని కన్నా తక్కిన రెండే ఎక్కువగా కాలుస్తాయి. ఎందుకంటే మనల్ని తక్కువగా చూసిన చూపు ఒకటి తరతరాలుగా మన లోపల కూర్చుని ఉంది. ఆ గాయం నిజం. దాన్ని కొత్త మోడల్ మాన్పుతుందా అన్నదే సందేహం.

ఈ వ్యాపారం ఎలా నడిచిందో కొంచెం చూడండి. 1979 జులైలో జపాన్‌లో సోనీ కంపెనీ మొదటి వాక్‌మన్ అమ్మకానికి పెట్టింది. అందులో ఇయర్‌ఫోన్‌కు రెండు రంధ్రాలుండేవి, ఇద్దరు కలిసి వినేవారు. ఒక బటన్ నొక్కితే పాట తగ్గి, ఒకరి మాట ఒకరికి వినపడేది. తర్వాతి మోడళ్లలో ఆ మాటల బటన్ పోయింది. 2001 అక్టోబరులో ఆపిల్ కంపెనీ ఐపాడ్ తెచ్చింది. జేబులో 1,000 పాటలు పడతాయని చెప్పారు. పాటకు నాలుగు నిమిషాలనుకుంటే దాదాపు మూడు రోజులు ఆపకుండా వినొచ్చు. 2007 నాటికి 40,000 పాటలు పట్టే మోడల్ వచ్చింది. అదే లెక్కన తిండీ నిద్రా మానేసి విన్నా 111 రోజులు పడుతుంది. ఇంకో సంగతి. 2004లో వచ్చిన ఐపాడ్ మినీ బాగా అమ్ముడుపోతుండగానే, రెండేళ్లు కూడా నిండకముందే 2005 సెప్టెంబరులో దాన్ని ఆపేసి నానో దించారు. పనికిరాక ఆపలేదు. ఉన్నది పాతదైతేనే కొత్తది అమ్ముడవుతుంది. చివరికి 2022 మేలో మొత్తం ఐపాడ్‌కే సెలవు చెప్పేశారు. అన్ని మోడళ్ల కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూసినవాడి చేతిలో ఇప్పుడు ఏముంది? అనిత్యం అనే మాటను మనం శ్మశానంలోనే గుర్తుచేసుకుంటాం, సెల్ షాపులో గుర్తు చేసుకోం.

తక్కెడ పట్టిన చేయి

సంసారులం కదా, మాకేం చెప్తావని బుద్ధుణ్ణి అడిగినవాడు ఒకడున్నాడు. కొలియుల పట్నంలో దీఘజాణు అనేవాడు. "భగవాన్, మేం పిల్లాపాపలతో బతికేవాళ్లం, చందనం పూసుకుంటాం, పూలు పెట్టుకుంటాం, డబ్బు ముట్టుకుంటాం. మాబోటివాళ్లకు ఈ బతుకులోనే మేలు చేసే ధమ్మం చెప్పు" అన్నాడు. బుద్ధుడు వాణ్ణి కోప్పడలేదు. నాలుగు చెప్పాడు. కష్టపడి పనిచేయడం, సంపాదించినది కాపాడుకోవడం, మంచి స్నేహం, సమజీవితం. సమజీవితమంటే తక్కెడ పట్టినవాడిలా రాబడీ ఖర్చూ చూసుకుని బతకడం. రాబడికి మించి ఖర్చు పెట్టేవాడు మేడిపండ్లు తినేవాడి లాంటివాడని ఒక పోలిక చెప్పాడు. నాలుగు పండ్ల కోసం చెట్టంతా దులుపుతాడు, తినేది కొన్నే, తక్కినవన్నీ నేలపాలు. ఉన్నా ఖర్చు పెట్టక ఎండిపోయి చచ్చేవాడూ సరైనవాడు కాదన్నాడు. 40,000 పాటలు నింపుకుని రోజూ ఆ ఇరవై పాటలే వినే మనకు ఈ మేడిచెట్టు పోలిక బాగా సరిపోతుంది.

సిగాలుడికి లెక్క కూడా చెప్పాడు. రాబడిని నాలుగు భాగాలు చేయి. ఒక భాగం అనుభవించు, రెండు భాగాలు పనిలో పెట్టు, నాలుగో భాగం కష్టకాలానికి దాచు. అనుభవించమన్న భాగం ఒకటుందని గుర్తుంచుకోండి. ఆ భాగంలో పాటల పెట్టె కొనుక్కుంటే ఎవరూ వేలెత్తి చూపక్కర్లేదు. కానీ నెలనెలా కిస్తీ కట్టే పద్ధతి ఏం చేస్తుంది? ఇంకా రాని నెలల రాబడిలోంచి అనుభవించే భాగాన్ని ఈరోజే తినేస్తుంది. తర్వాత దాచుకునే భాగాన్ని, పనిలో పెట్టే భాగాన్ని కూడా తింటుంది. అనాథపిండికుడికి చెప్పిన గృహస్థుడి నాలుగు సుఖాల్లో 'అప్పు లేని సుఖం' ఒకటి. వాన నమ్ముకున్న మన సీమలో ఆ సుఖం విలువ వేరే చెప్పాలా? పత్తికొండ మార్కెట్‌లో టమోటా ధర పడిపోయిన ఏడాది ఉంటుంది. ఆదోని, కోసిగి వైపు ఇంటికి తాళమేసి, పిల్లల బడి మాన్పించి, మిరపకాయ కోతకు గుంటూరు దిక్కు సుగ్గికి పోవాల్సిన ఏడాది ఉంటుంది. ఆ ఏడాది కూడా కిస్తీ తేదీ మాత్రం మారదు.

కాబట్టి కొత్త మోడల్ మీద మనసు పోయినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరి కష్టంతో వస్తుంది? ఎవరి కళ్లల్లో పడటానికి? ఇది వచ్చాక నా కోరిక ఆగుతుందా, లేక ఆ తర్వాతి మోడల్ దగ్గరికి పోయి కూర్చుంటుందా? మూడింటికీ నిజం చెప్పుకున్నాక కూడా కొనాలనిపిస్తే కొనండి. అది ఆలోచించి చేసిన పని అవుతుంది. ధమ్మం అడిగేది అంతే.

తీగ బిగువు

సంగీతమే వద్దంటుందా ధమ్మం? మన పంచశీలలో ఆ మాట లేదు. ఉపోసథ రోజున అష్టశీలం పాటించేవాళ్లు ఆ ఒక్క రోజుకు ఆటపాటలు మానుకుంటారు. పంచశిఖుడు వీణ మీటి పాడితే, నీ తీగ శబ్దం పాటలో, పాట తీగలో చక్కగా కలిసిపోయాయని బుద్ధుడే మెచ్చుకున్నాడని సక్కపన్హ సుత్తంలో ఉంది. సోణుడు సాధనలో పాదాలు నెత్తురు కారేలా నడిచి విసిగిపోయినప్పుడు బుద్ధుడు ఆయన్ను అడిగింది కూడా వీణ గురించే. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా? మరీ వదులైతే పలుకుతుందా? సరైన బిగువులోనే కదా పలికేది.

మన సీమ నేలలోనే ఇంకో సాక్ష్యం ఉంది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 2,200 ఏళ్లకు పైగా ఎండకూ వానకూ నిలిచాయి. యుద్ధభేరి మోగిన చోట ఇప్పుడు ధమ్మం మోగుతోందని ఆయన ఒక శాసనంలో చెప్పుకున్నాడు. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అనే మాటలను పల్లెజనానికి భేరి మోగించి చాటమని అధికారులకు ఆజ్ఞ ఇచ్చాడు. డప్పు మోత తెలిసిన మనకు ఆ మాట దగ్గరగా తగులుతుంది. వాయిద్యం అదే. దాంతో ఏం చాటుతున్నాం, ఎవరి కోసం చాటుతున్నాం అన్నదే మారింది. మన పాటలు కూడా క్యాసెట్లలో వాడవాడకూ తిరిగే మనల్ని లేపాయి. ఆ క్యాసెట్ ఏ కంపెనీ టేప్‌రికార్డర్‌లో మోగిందో ఇప్పుడెవరికి కావాలి?

ఒక చిన్న సాధన చెప్తాను, చేసి చూడండి. కొత్త వస్తువు కొనాలనిపించిన రోజు నుంచి వచ్చే పున్నమి దాటేదాకా ఆగండి. ఈలోపు చేతిలో ఉన్న పాతదాంట్లోనే రోజుకు ఒక్క పాట, ఇంకే పనీ పెట్టుకోకుండా, మొదటి నుంచి చివరిదాకా వినండి. మనసు కొత్త మోడల్ వైపు పోయినప్పుడు "పోయింది" అని గమనించి మళ్లీ పాట దగ్గరికి రండి. పున్నమి రోజు అన్నీ ఆపేసి, ఇంట్లో వాళ్ల గొంతులు వినండి. అమ్మ చెప్పేది ఫోన్ పక్కన పెట్టి వినండి. వారానికొకసారైనా విహారంలో ఒక స్పీకర్ పెట్టుకొని అందరూ కలిసి వినండి. మొదటి వాక్‌మన్‌కు రెండు రంధ్రాలుండేవని మరిచిపోకండి. పున్నమి దాటాక ఆ కోరిక ఇంకా నిలిచి ఉంటే తక్కెడ తీసుకుని లెక్క చూసుకోండి. నిలవకపోతే అది కోరిక కాదు, ఎవరో మన చెవిలో ఊదిన మాట.

చివరగా ఒక్క రాత్రి గురించి చెప్పి ముగిస్తాను. 1956 డిసెంబరు 5. అంతకు ముందు అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో ధమ్మదీక్ష తీసుకున్న బాబాసాహెబ్ ఢిల్లీలో ఒంట్లో బాగాలేక ఉన్నారు. ఆ సాయంత్రం కళ్లు మూసుకుని త్రిశరణం మెల్లగా పాడుకున్నారు. తర్వాత అదే పాట రికార్డును రేడియోగ్రామ్‌లో పెట్టమని దగ్గరున్న రత్తు గారిని అడిగారు. ఆ రాత్రి తన గ్రంథం ముందుమాట కాగితాలు దగ్గర పెట్టించుకున్నారు. తెల్లారేసరికి మనకు లేరు.

ఆ రేడియోగ్రామ్ ఏ ఏడాది మోడల్, దానికి ఏమేం బటన్లున్నాయి అని మనమెవ్వరం అడగం. ఆ రాత్రి ఆయన ఏం విన్నాడన్నదే మనకు మిగిలింది. మీ జేబులో ఉన్న పెట్టె పాతదా కొత్తదా అని రేపు మీ బిడ్డలు కూడా అడగరు. దాంట్లో మీరు ఏం విన్నారు, వింటూ వింటూ ఎవరి గొంతు చెరిపేశారు, ఎవరి గొంతు దాచిపెట్టారు అని అడుగుతారు. ఆ జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకుందాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.